కోవిల్‌పట్టి గురుకులం: కొండయ్యరాజు గారి స్మృతి, చిత్రరక్షణ ధర్మం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు ఒక విద్యాలయానికి గొప్ప వయస్సు. ఇటువంటి పర్వదినాన ఒక గురువును స్మరించడం మన సంప్రదాయం. ఏ గురువును గురించి మాట్లాడవలెనని నేను చాలా ఆలోచించాను. ఈ బడిలో పాఠం చెప్పినవారిని గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. అందువల్ల మన పొరుగున, కోవిల్‌పట్టిలో, ఏ ప్రభుత్వ పాఠశాలలోను ఉద్యోగం చేయకుండానే ఎందరికో గురువైన ఒక చిత్రకారుని గురించి చెప్పదలచాను. వారు సి. కొండయ్యరాజు గారు. వారి పేరు వినని వారు ఈ సభలో ఉండవచ్చును. వారి సంప్రదాయపు చిత్రాన్ని చూడని ఇల్లు మాత్రం ఈ జిల్లాలో ఉండదు. పూజగదిలో, అంగడి గల్లాపెట్టె పైన, బస్సులో డ్రైవరు తలపైన మనం నిత్యం చూచే దేవతామూర్తుల ముఖాలు ఎవరి చేతిలో ఆ రూపు దిద్దుకొన్నవో తెలుసుకోవడం మన విధి అని నా అభిప్రాయం.

మనం నిలిచి ఉన్న ఈ శ్రీవిల్లిపుత్తూరు తెలుగువారికి పరాయి ఊరు కాదు. శ్రీకృష్ణదేవరాయలకు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనబడి కావ్యం వ్రాయుమని ఆదేశించగా, ఆయన ఎన్నుకొన్న కథ ఈ ఊరి ఆండాళ్ కథ. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో వర్ణించబడిన విల్లిపుత్తూరు ఇదే. తరువాత మధుర నాయకుల కాలంలో తిరుమల నాయకుడు, అనగా 1623 నుంచి 1659 వరకు పాలించిన ప్రభువు, ఇక్కడ ఒక మందిరం కట్టించాడు. విజయనగర, నాయక రాజ్యాల కాలంలో ఈ నల్లరేగడి సీమకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల సంతతి వారమే మనలో చాలామందిమి. రాజపాళయంలో, సాత్తూరులో, కోవిల్‌పట్టిలో, విరుదునగరులో మన మాట ఈనాటికీ ఇండ్లలో వినబడుతున్నది. సైనికుడు, రైతు, నేతగాడు వచ్చినట్లే చిత్రకారుడు కూడా ఆ దారినే దక్షిణానికి వచ్చాడు. తంజావూరు చిత్రాలని ప్రసిద్ధి పొందిన బంగారు రేకు, రాళ్ళు పొదిగిన పటాలను వ్రాసినవారిలో రాజులు, నాయుడులు ఎక్కువ. వారి ఇండ్లలో మాట తెలుగు, వారు వ్రాసిన దేవుడు తమిళదేశపు దేవుడు. కొండయ్యరాజు అనే పేరులోనే ఆ పరంపర మనకు వినబడుతుంది.

కొండయ్యరాజు గారు 1898లో మదరాసులో జన్మించారు. మదరాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో శిక్షణ పొందారు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు స్థాపించిన విద్యాలయం అది. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో వెలుగునీడలు, శరీర నిర్మాణం, దూరపు వస్తువు చిన్నదిగా కనబడే లెక్క నేర్పేవారు. ఇంటి సంప్రదాయం ఒకటి, బడి నేర్పిన పద్ధతి మరొకటి. ఈ రెంటినీ చేత పట్టుకొని బయటికి వచ్చిన యువకునికి వెంటనే ఒక దారి కనబడలేదు. కొంతకాలం తిరువణ్ణామలైలో రమణ మహర్షి సన్నిధిలో గడిపారు. తరువాత నాటక సమాజాలలో చేరి తెరలు వ్రాశారు.

నేటి పిల్లలకు నాటకపు తెర అంటే తెలియకపోవచ్చును. ఆ రోజులలో ఒక నాటక సమాజం ఊరికి వచ్చిందంటే దానితోపాటు దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, ఉద్యానవనపు తెర వచ్చేవి. వాటిని వ్రాసేవాడు మూల కూర్చున్న ప్రేక్షకునికి సైతం స్తంభాల వరుస లోతుగా కనబడేటట్లు, దీపపు కాంతిలో రంగు వెలవెలబోకుండేటట్లు వ్రాయవలె. వెనుకకు జరిగి, దూరం నుంచి చూచి, మళ్ళీ దగ్గరకు వచ్చి దిద్దవలె. ఇది పెద్ద బడి. 1940 దశకం తొలినాళ్ళలో ఆయన పనిచేస్తున్న సమాజం కోవిల్‌పట్టిలో ఆగిపోయింది. నటులు చెదరిపోయారు. రాజుగారు ఆ ఊరిలోనే ఉండిపోయారు. నాడు తిరునెల్వేలి జిల్లాలో ఒక చిన్న రైల్వే పట్టణం అది. పత్తి, అగ్గిపెట్టెలు తప్ప కళకు ప్రసిద్ధి పొందినది కాదు. అటువంటి చోట ఆయన ఒక చిత్రశాల పెట్టి, శిష్యులను చేరదీశారు.

ఇక్కడ శివకాశిని గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. మనకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనే ఇద్దరు యువకులు 1922లో కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల పరిశ్రమ నేర్చుకొని వచ్చారు. అగ్గిపెట్టెకు చీటీ కావలె. చీటీకి బొమ్మ కావలె. బొమ్మకు అచ్చు యంత్రం కావలె. ఆ విధంగా అగ్గిపెట్టె వెంట అచ్చుపని వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆఫ్‌సెట్ యంత్రాలు విస్తరించి, దేశమంతటికీ కాలెండర్లు సరఫరా చేసే ఊరుగా శివకాశి పేరు పొందింది. యంత్రం సిద్ధంగా ఉన్నది, దానికి పెట్టవలసిన బొమ్మ కావలసి వచ్చింది. ఆ బొమ్మ కోవిల్‌పట్టి నుంచి వెళ్ళింది.

1950 దశకం నుంచి రాజుగారు, వారి శిష్యులు వ్రాసిన దేవతా చిత్రాలు కాలెండర్లుగా ఇంటింటికీ చేరాయి. మీనాక్షీ కల్యాణ చిత్రం అందులో మిక్కిలి ప్రసిద్ధమైనది. మధురలో శిల్పరూపాన ఉన్న ఆ ఘట్టం, కన్యాదానం చేసే విష్ణువు, తలవంచిన మీనాక్షి, చేయి చాచిన సుందరేశ్వరుడు, కాగితం మీద రంగులలో ఇంటి గోడకు వచ్చింది. అంతకు పూర్వం రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టి దేవతా చిత్రాలను సామాన్యుని ఇంటికి చేర్చిన సంగతి మీరెరుగుదురు. రవివర్మ దేవతలలో చాలామంది ఒక కథలోని పాత్రలు. వారు పక్కకు చూస్తారు, ఆలోచిస్తారు, నడుస్తారు. కోవిల్‌పట్టి దేవతలు ఎదురుగా నిలిచి మనలను చూస్తారు. వెనుక నాటకపు తెరవలె స్తంభాలు, మబ్బులు, తటాకం. ముందు గర్భగుడిలోని మూర్తివలె అలంకారం. ఆ కళ్ళు మనం ఎటు జరిగినా మన మీదనే ఉంటవి. పూజకు కావలసినది ఆ చూపు. బడిలో నేర్చిన లోతు, తెర నేర్పిన వెలుగు, గుడి నేర్పిన ఎదుటి చూపు, ఈ మూడూ కలిసినచోట రాజుగారి చిత్రం పుట్టింది.

ఇక ఆయన గురుత్వం. టి.ఎస్. సుబ్బయ్య, టి.ఎస్. అరుణాచలం, ఎం. రామలింగం మొదలైన వారు ఆయన వద్ద తయారైన చిత్రకారులు. ఆ చిత్రశాలలో విద్య గురుకుల పద్ధతిలో సాగింది. శిష్యుడు గురువు పక్కన కూర్చొని చేయి చూచి చేయి తిప్పడం నేర్చుకొన్నాడు. అన్నిటికంటె నన్ను ఆకర్షించిన విషయం ఒకటి ఉన్నది. ఆనాటి కాలెండరు అడుగున సంతకం పరిశీలించండి. అనేక చిత్రాల మీద కొండయ్యరాజు అనే పేరు పక్కనే సుబ్బయ్య పేరు కనబడుతుంది. శిష్యుని చేత పని చేయించుకొని తన పేరు మాత్రమే వేసుకొన్న ఆచార్యులు లోకంలో చాలామంది ఉన్నారు. యూరపులో పెద్ద పెద్ద చిత్రశాలలలో సైతం అది ఆచారమే. శిష్యుని పేరు తన పేరుతో సమానంగా, అందరూ చూచే చోట, లక్షల ప్రతులలో అచ్చు వేయించిన గురువును మనం ఏమని పిలువవలె? ఉపాధ్యాయులు మన్నించవలె గాని, ఇది అన్ని శిక్షణ కళాశాలలలోను పాఠంగా చెప్పదగిన విషయం.

రాజుగారు నిరాడంబరంగా జీవించి 1976లో పరమపదించారు. వారి శిష్యులు ఆ పని కొనసాగించారు. కెనడా దేశపు మానవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ ఇంగ్లిస్ వారి జీవితాన్ని, వారి శిష్య పరంపరను పరిశోధించి వ్యాసాలు వ్రాశారు. దూరదేశపు పండితుడు వచ్చి వ్రాసేదాకా మన ఇంటి గోడ మీది బొమ్మకు చరిత్ర ఉన్నదని మనకు తట్టలేదు.

కొందరు పెద్దలు అడుగుతారు: కాలెండరు బొమ్మ కూడా కళయేనా, దానికి రక్షణ కూడానా అని. సంవత్సరం తిరిగితే చించి పారవేసే కాగితం కదా అని. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానంగా చిత్రరక్షణ చరిత్రలోంచి రెండు మూడు ఉదాహరణలు మనవి చేస్తాను.

తంజావూరు బృహదీశ్వరాలయం సంగతి చూడండి. గర్భగృహం చుట్టూ ఉన్న చీకటి ప్రదక్షిణ మార్గంలో నాయకుల కాలపు చిత్రాలు ఉండేవి. 1931లో అణ్ణామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందస్వామి గారు ఆ పై గార పెచ్చు ఊడినచోట, క్రింద మరొక పొరలో చోళుల కాలపు చిత్రాలు ఉన్నవని కనుగొన్నారు. వేయి సంవత్సరాల నాటి చిత్రం నాలుగు వందల ఏండ్ల నాటి చిత్రం క్రింద దాగి ఉన్నది. ఏది ఉంచవలె, ఏది తీయవలె? పైది తీసివేస్తే నాయకుల చరిత్ర పోతుంది. ఉంచితే చోళుల చరిత్ర కనబడదు. భారత పురావస్తు శాఖ రసాయనశాస్త్రజ్ఞులు పై పొరను గారతో సహా జాగ్రత్తగా విడదీసి, ఫైబర్ గ్లాసు పలకల మీద అమర్చి, రెంటినీ దక్కించారు. ఒకనాడు నాయకుల చిత్రం కూడా ‘కొత్తది, పనికిరానిది’ అని ఎవరైనా అనుకొని ఉండవచ్చును. నేడు అది చరిత్ర. కాలం గడిచిన కొద్దీ సామాన్యమైనది అమూల్యమవుతుందని దీనినుంచి గ్రహించవలె.

అదే ఆలయ చిత్రాలను మదరాసు ప్రభుత్వ మ్యూజియం రసాయనశాస్త్రజ్ఞుడు ఎస్. పరమశివన్ గారు 1930 దశకంలో పరీక్షించి, అవి తడి సున్నపు గార మీద వ్రాసినవని వివరించారు. సున్నం ఆరుతున్నప్పుడు గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని మళ్ళీ రాయివలె గట్టిపడుతుంది. ఆ క్రమంలో రంగును తనలో బంధించుకొంటుంది. అందువల్లనే అవి అన్ని శతాబ్దాలు నిలిచాయి. గురువు చెప్పిన మాట కూడా అంతే. మనస్సు తడిగా ఉన్న వయస్సులో పడిన రంగు గోడతో సమానంగా నిలుస్తుంది, ఆరిన తరువాత పూసినది రాలిపోతుంది. ప్రాథమిక తరగతులలో మాతృభాష ఎందుకని అడిగేవారికి నేను ఈ సున్నపు గోడనే చూపుతాను.

ఇక అజంతా. మేజరు రాబర్టు గిల్ ఏండ్ల తరబడి అక్కడ ఉండి చిత్రాలకు నకళ్ళు వ్రాశాడు. వాటిలో చాలా భాగం 1866లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. తరువాత బొంబాయి చిత్రకళా పాఠశాల ఆచార్యుడు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులను తీసుకొని వెళ్ళి 1872 నుంచి 1885 వరకు మళ్ళీ నకళ్ళు తయారు చేయించాడు. వాటిలో చాలా భాగం 1885లో లండనులోనే మరొక అగ్నిప్రమాదంలో పోయాయి. అయినా ఆ పని వ్యర్థం కాలేదు. కాగితాలు కాలినా విద్యార్థుల చేయి కాలలేదు. తరువాత హెరింగ్‌హామ్ దొరసాని 1909-11 మధ్య చేయించిన నకళ్ళ పనిలో నందలాల్ బోస్ వంటివారితోపాటు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అహ్మద్ గారు కూడా పాల్గొన్నారు. తరగతి గది చిత్రరక్షణకు ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తున్నది.

అదే అజంతాకు నిజాం ప్రభుత్వం 1920లో ఇటలీ నుంచి ఇద్దరు నిపుణులను పిలిపించింది. వారు రాలిపోతున్న రంగును గోడకు అతికించి ఎంతో మేలు చేశారు. అయితే పైన పూసిన లక్క వార్నీషు కాలక్రమాన పసుపుపచ్చబడి చిత్రాలను మసకబార్చింది. దానిని తొలగించడానికి తరువాతి తరం వారు ఎంతో శ్రమపడవలసి వచ్చింది. అందువల్ల నేటి చిత్రరక్షకులు ఒక నియమం పాటిస్తారు: తరువాత వచ్చేవాడు విప్పడానికి వీలులేని పని నేడు చేయకూడదు. పోయిన భాగాన్ని మన ఊహతో నింపి, అదే మూలమని చూపకూడదు.

మన ఆలయాలలో జరుగుతున్నదేమి? కుంభాభిషేకమని, జీర్ణోద్ధరణమని, భక్తితోనే, పాత గోడలకు వెల్ల వేస్తున్నారు. మసకబారిన చిత్రంపై కొత్త ఎనామిల్ రంగు పూస్తున్నారు. అది నిర్లక్ష్యం వల్ల కాదు, ఉత్సాహం వల్ల. ఉత్సాహం చేసిన నష్టం నిర్లక్ష్యం చేసిన నష్టానికి తీసిపోదు. ఈ సభలో ఆలయ ధర్మకర్తలుగా ఉన్న పెద్దలు ఉన్నారు. సున్నపు బకెట్టు గోడ దగ్గరకు చేరకముందే ఒక్క ఫోటో తీయించండి, తెలిసినవారిని ఒక్కసారి పిలిపించండి అని చేతులు జోడించి వేడుకొంటున్నాను.

మరొక ఉదాహరణ మన ఆంధ్రదేశం నుంచి. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గారు 1925లో, ఇరువది ఎనిమిదేండ్లు నిండకముందే మశూచికంతో మరణించారు. ఆయన మిత్రుడు వరద వెంకటరత్నం గారు ఆ చిత్రకళాశాలను విడువకుండా నడిపి విద్యార్థులను తయారు చేశారు. రామారావు గారి చిత్రాలు ఆ ఊరిలోనే ఒకచోట నిలిచి, నేడు వారి పేరిట చిత్రశాలగా ఉన్నాయి. మిత్రుని చిత్రాన్ని కాపాడినవాడే మిత్రుని బడిని కూడా కాపాడాడు. రెండూ ఒకే పని అని వెంకటరత్నం గారికి తెలుసు. కాలెండరు చిత్రాలకు ఆ భాగ్యం సాధారణంగా లభించదు. మూలచిత్రం అచ్చుకు వెళుతుంది, అచ్చయిన తరువాత దాని అవసరం తీరిందనుకొంటారు. అందుకే మన ఇండ్లలో మిగిలిన అచ్చు ప్రతులే అనేక చిత్రాలకు ఆధారం కాగలవు.

కనుక తల్లిదండ్రులకు కొన్ని చిన్న మనవులు. తాతల నాటి దేవుని పటం, పాత కాలెండరు, పెండ్లి ఫోటో ఇంట్లో ఉంటే పారవేయకండి. చెమ్మ ఉన్న గోడకు తగిలించకండి. ఎండ సూటిగా పడేచోట ఉంచకండి, ఎరుపు ముందు పోతుంది, నీలం చివరకు మిగులుతుంది. దీపపు మసి పట్టిందని తడి గుడ్డతో తుడవకండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు కొన్నేండ్లకు కాగితాన్ని గోధుమరంగు చేసి విరిచివేస్తుంది. పటం వెనుక అట్టకు చెదలు పట్టిందేమో యేడాదికొకసారి చూడండి. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ పటం ఎవరిది, ఎప్పుడు, ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితం మీద వ్రాసి దానితో ఉంచండి. ఆ వ్రాత తెలుగులో వ్రాయండి. మీ పిల్లల చేత వ్రాయించండి.

చివరి మాట ఆ వ్రాతను గురించే. ఈ రాష్ట్రంలో 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం తరువాత పాఠశాలలన్నిటిలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం మనకు పరాయిది కాదు. మనం కొనేది, అమ్మేది, పాడేది, ప్రార్థించేది ఆ భాషలోనే. ఆండాళ్ పాశురం మనకు తల్లిపాల వంటిది. కాని ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం గుర్తుపట్టలేని తరం మన కళ్ళ ఎదుటనే పెరుగుతున్నది. చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పక తప్పదు: మాట మాత్రమే మిగిలి అక్షరం పోయిన భాష వెల్ల వేసిన గోడ వంటిది. క్రింద చిత్రం ఉన్నదని కొంతకాలం జ్ఞాపకం ఉంటుంది. తరువాత అది కూడా ఉండదు. తంజావూరులో రెండు పొరలనూ దక్కించినట్లు, తమిళాన్ని, తెలుగును రెంటినీ దక్కించుకోవడం అసాధ్యం కాదు. అందుకు ఓర్పు, నేర్పు గల ఉపాధ్యాయుడు కావలె. పిల్లను సాయంత్రం అరగంట తెలుగు పుస్తకం ముందు కూర్చోబెట్టే తల్లి కావలె.

ఈ పాఠశాల డెబ్బది అయిదేండ్ల హాజరు పట్టీలు, పాత ఫోటోలు, బహుమతి పత్రాలు, గోడపత్రికలు ఎక్కడెక్కడ ఉన్నవో వెదకి ఒక గదిలో చేర్చవలెనని యాజమాన్యం వారిని కోరుతున్నాను. పూర్వ విద్యార్థులు తమ వద్ద ఉన్నవాటిని ఇవ్వవలె, ఇవ్వలేనివారు నకలు ఇవ్వవలె. ఆ గదిలో ఒక గోడ మీద కొండయ్యరాజు గారి అచ్చు చిత్రం ఒకటి, గురుశిష్యుల ఇద్దరి పేర్లూ కనబడేటట్లు పటం కట్టించి పెట్టండి. విద్యార్థికి చూపించి, ఆ రెండు పేర్లూ చదివించండి.

 ఈ విద్యాలయం శతవార్షికోత్సవం కూడా జరుపుకోవాలని, ఆనాటి సంచికను కూడా పిల్లలు తెలుగులోనే చదువుకోవాలని వటపత్రశాయిని, ఆండాళ్ తల్లిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.